మా సర్వరుకు మెమరీ పెంచిన పాపం

పాఠకులారా, ఒక మాట సూటిగా చెప్పేస్తాను, కోపగించుకోకండి. వేగంగా పనిచేసే కంప్యూటరు మానవజాతికి శత్రువు! నత్తనడకన నడిచే కంప్యూటరే మనకు మిగిలిన నిజమైన ఆప్తబంధువు!

నవ్వుతున్నారా? నవ్వండి. మీరెప్పుడూ ఎముకల ఆస్పత్రి రిజిస్ట్రేషన్ కౌంటరులో కూర్చోలేదు. నేను కూర్చున్నాను. ఆ కుర్చీకి నా ఆకారం వచ్చేసేంత కాలంగా కూర్చున్నాను.

నా పని ఇదీ. కర్రలతో, కట్లతో, మూలుగులతో జనం వస్తారు. నేను పేరు టైపు చేసి బటన్ నొక్కుతాను. వెనకగదిలో ఉన్న సర్వరు ఆ మనిషి పాత వివరాలు వెతికి పంపాలి. అప్పుడు తెరమీద ఒక చిన్న చక్రం ప్రత్యక్షమవుతుంది. తిరుగుతుంది. తిరుగుతూనే ఉంటుంది.

ఆ తిరిగే సమయంలో ఎన్ని మహత్కార్యాలు జరిగాయో మీకేం తెలుసు?

మణికట్టు బెణికి వచ్చిన ఒకాయనకు, ఆ చక్రం ఆగేలోగా బెణుకు తగ్గిపోయింది! ఆ చేత్తోనే నా చెయ్యి గట్టిగా ఊపి, "మీ హస్తవాసి మంచిదండీ" అని వెళ్లిపోయాడు. మందు లేదు, సూది లేదు. ఏ పెద్దాస్పత్రిలో ఉందండీ ఇలాంటి వైద్యం?

ఇద్దరు అన్నదమ్ములు మధ్యగోడ కట్టుకుని ఏళ్ల తరబడి మాటలు మానేశారు. అన్నకు నడుము, తమ్ముడికి మడమ. ఒకే వరసలో ముందూవెనకా నిలబడ్డారు. చక్రం ఆగేసరికి కౌగిలించుకుని, కన్నీళ్లు తుడుచుకుని, గోడ పడగొట్టేద్దామని ఇంటికెళ్లారు. మర్నాడు గోడ పడగొడుతూ ఇద్దరూ వేళ్లు చితక్కొట్టుకుని మళ్లీ మా దగ్గరికే వచ్చారు. ఆస్పత్రికీ లాభమే!

ఒక బామ్మ మనవడికని స్వెట్టరు అల్లడం మొదలుపెట్టింది. పూర్తయ్యేసరికి వాడికది బిగుతైపోయి, పక్కవరసలో పాపకిచ్చేసింది.

ఇక బస్సు డ్రైవరుగారి సంగతి. ఆయనకు కుడి మోకాలు, అంటే బ్రేకు తొక్కే కాలు. సెలవు మీద సెలవు పెట్టి కుంటుతూ వచ్చేవాడు. ఆయన వెనకే టైలరమ్మ. ఆమెకు మిషను తొక్కీ తొక్కీ రెండు మోకాళ్లూ పోయాయి. చక్రం తిరిగినంతసేపూ ఆయన బస్సు కబుర్లు చెప్పేవాడు, ఆమె జాకెట్ల కబుర్లు చెప్పేది. ఇద్దరూ ఒంటరివాళ్లు. ఒకరోజు ఆయన చొక్కా గుండీ ఊడితే, ఆమె సంచిలోంచి సూదీదారం తీసి అక్కడికక్కడే కుట్టేసింది. అప్పట్నుంచీ ఆయన గుండీలు తరచుగా ఊడిపోతుండేవి!

ఇంతటి బంగారు లోకంలోకి ఊడిపడింది మా పిచ్చుక.

పిచ్చుక మా అక్క కూతురు. ఒకచోట నిలవదని చిన్నప్పుడు పెట్టిన పేరు. డేటాబేసుల చదువు చదివి, సరిగ్గా మా ఆస్పత్రిలోనే ఉద్యోగంలో చేరింది. ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంట్లో "ఏమే పిచ్చుకా" అనేవాణ్ని, ఆఫీసులో "మేడమ్" అనాల్సొచ్చింది. ఒకసారి కంగారులో "ఏమే మేడమ్" అన్నాను. ఆఫీసులో అందరికీ ఆ పేరే ఖాయమైపోయింది.

చేరిన వారంలోనే వెనకగది నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మావయ్యా! ఆ సర్వర్లో మెమరీ అరవై నాలుగు జీబీ ఉంది తెలుసా?"

"ఉంటే మంచిదేగా."

"ఏం మంచిది! డేటాబేస్‌కి అందులోంచి ఇచ్చిన షేర్డ్ మెమరీ ఎంతో తెలుసా? నూట ఇరవై ఎనిమిది ఎంబీ, అంటే ఐదువందల్లో ఒక వంతు! పెట్టె విప్పినప్పుడు ఏ నంబరుందో అదే. ఒక్కరు కూడా మార్చలా!"

నేను గంభీరంగా తలూపాను. ఆఫీసులో అర్థం కానప్పుడు చేసే పని అదే. అది గ్రహించి నెత్తి కొట్టుకుంది.

"నీ భాషలో చెప్తా విను. హాలంత వంటగది ఉంది. గట్టు మాత్రం జానెడు. ఉప్పు పెడితే పప్పు పట్టదు, పప్పు పెడితే గరిటె పట్టదు. ఏది కావాలన్నా స్టోర్ రూముకి పరిగెత్తి తేవాలి, ఇంకోటి కావాలంటే ఇది లోపల పెట్టి రావాలి. ఇంతమంది వంటవాళ్లు అదే గట్టు మీద పని చెయ్యాలి. వంట ఎప్పటికవుతుంది?"

"అయితే గట్టు పెంచెయ్."

"పెంచాలంటే ఒక నంబరు మార్చి, సర్వర్ని ఒక్కసారి ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. దానికి పెద్దసారు ఒప్పుకోవాలి."

పెద్దసారంటే మా డైరెక్టరుగారు. సాక్షిగా నన్నూ లాక్కుపోయింది.

"సర్వర్ ఆపడమా!" అని పెద్దసారు కుర్చీలోంచి లేచారు. "ఇది ఆస్పత్రమ్మా! ఒక్క క్షణం ఆగితే ఇంకేమన్నా ఉందా?"

"అది రోజూ తనంతట తనే ఆగుతోంది సార్. మనం చెప్పి ఆపితే త్వరగా లేస్తుంది."

"తనంతట తను ఆగితే దైవాధీనం. మనం ఆపితే బాధ్యత!"

పాఠకులారా, పరిపాలన గురించి ఇంత గొప్ప నిర్వచనం మీరెక్కడైనా విన్నారా? నాకు ఒళ్లు పులకరించింది. పిచ్చుకకు మాత్రం ఒళ్లు మండింది. ఆ రోజు నుంచీ ఆయన గది చుట్టూ తిరగడమే పని. మెట్లమీద అడిగింది, లిఫ్టులో అడిగింది, ఆయన కారెక్కుతుంటే అద్దం దగ్గర వంగి అడిగింది. చివరికి విసుగు పుట్టి, ఆదివారం సాయంత్రం ఆపుకోమన్నారు.

ఆదివారం పిచ్చుక సంతోషంగా కౌంటరులోనే నంబరు మార్చడానికి కూర్చుంది. నేను తోడుగా కౌంటరు దగ్గరున్నాను. కుట్టు మీద వంగీ వంగీ మెడ కూడా పట్టేసి, మెడకట్టు బిగింపు కోసం వచ్చిన టైలరమ్మ, ఆమెకు తోడని డ్రైవరుగారు అక్కడే ఉన్నారు. అప్పుడు కౌంటరు ఫోను మోగింది. పెద్దసారు. ఆ ఫోను రిసీవరు పాడై చాలాకాలమైంది. ఏం మాట్లాడినా స్పీకరులో హాలంతా వినబడుతుంది.

"ఎంతిస్తున్నావమ్మా?"

"నాలుగో వంతు సార్. పదహారు జీబీ."

"నాలుగో వంతా! మొత్తం అరవై నాలుగూ మనవే కదా? అంతా ఇచ్చెయ్!"

"అలా కుదరదు సార్. గట్టే వంటగదంతా పరిచేస్తే వంటవాళ్లెక్కడ నిలబడతారు?"

"ఇది వంటగది కాదు, ఆస్పత్రి! చేసేదేదో పూర్తిగా చెయ్యాలి. అంతా ఇచ్చెయ్! ఇది నా ఆర్డరు!"

ఫోను పెట్టేశారు. పిచ్చుక నావైపు చూసింది. ఉద్యోగం పర్మనెంటు కానిపిల్ల. "ఇచ్చెయ్యమంటున్నారుగా" అన్నాను, కడుపునిండా ధైర్యం ఉన్నవాడిలా. ఇచ్చేసింది.

సర్వరు ఆగింది. మళ్లీ లేవలేదు.

అంతా తనే తీసుకుంటానని డేటాబేసు, నిలబడటానికి చోటేదని మిగతా కంప్యూటరు! చక్రం కూడా లేదు. తెర నల్లగా, అమావాస్యలా ఉంది. అప్పటికప్పుడు పాత నంబరు పెట్టేద్దామంటే, "నేను వచ్చేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు" అని పెద్దసారు మళ్లీ ఫోనులో గర్జించారు. వచ్చారు. సోమవారం పొద్దున తీరిగ్గా వచ్చారు.

అప్పటికి వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. కర్రలవాళ్లు కర్రలు ఊపుతున్నారు. పెద్దసారు హాలు మధ్యలో నిలబడి, "ఎవరు చేశారీ పని?" అన్నారు.

అందరూ పిచ్చుకను చూశారు. ఎప్పుడూ నిలవని పిల్ల, గోడకానుకుని కదలకుండా నిలబడింది. కళ్లల్లో నీళ్లు.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నారాయన.

నేను పిరికివాణ్ని. వ్యంగ్యం రాసేవాళ్లంతా కాగితం మీదే పులులు. కానీ ఆ పిల్లను మొదటిరోజు బడికి తీసుకెళ్లినప్పుడు నా చొక్కా పట్టుకుని ఇలాగే నిలబడింది. నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది.

"సార్, అంతా ఇచ్చెయ్యమన్నది తమరే కదా?"

"నేనా? ఎప్పుడు? ఎవరు విన్నారు?"

"నేను విన్నా," అంది టైలరమ్మ, ముందుకొచ్చి. "'ఇది నా ఆర్డరు' అని కూడా అన్నారు. మెడ తిప్పలేకపోతున్నా గానీ చెవులు బాగానే ఉన్నాయండీ."

"నేనూ విన్నా," అన్నాడు డ్రైవరుగారు. "ఆ పిల్ల వద్దంటూనే ఉంది పాపం."

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. టై సవరించుకున్నారు. సవరించడానికి ఇంకేమీ దొరక్క, "సరే, ఆ నాలుగో వంతేదో ఇచ్చి చూడు," అని గొణిగారు.

పిచ్చుక ఎగురుతూ వెనకగదిలోకి పోయింది. పదహారు పెట్టింది. సర్వరు లేచింది.

నేను వరసలో మొదటి మనిషి పేరు టైపు చేసి, బటన్ నొక్కి, అలవాటు ప్రకారం టీ గ్లాసు అందుకోబోయాను. గ్లాసు అందేలోపు తెరమీద అన్ని వివరాలూ వచ్చేశాయి! చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడ్డ సంగతితో సహా!

నాకు చెమటలు పట్టాయి. జనానికీ పట్టాయి. అల్లిక తెచ్చుకున్న బామ్మ మొదటి ముడి కూడా వెయ్యలేదు. దిండు తెచ్చుకున్నాయన దిండు చంకలో పెట్టుకుని వెర్రిచూపులు చూశాడు. వరస కరిగిపోతోంది, ఎండలో ఐసుముక్కలా! "నెమ్మదిగా, నెమ్మదిగా!" అని నేనే కంప్యూటరును బతిమాలుకున్నాను.

అసలు ఘోరం డ్రైవరుగారికి జరిగింది. పాపం, ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, గుండీలన్నీ ఉన్నది. చక్రం తిరిగేటప్పుడు అడుగుదామని మనసులో మాట కూడగట్టుకున్నాడు. వెనక్కి తిరిగి, "ఏమండీ, మిమ్మల్ని ఒకటి..." అన్నాడో లేదో, నా ప్రింటరు టకటకమని, డాక్టరు చూసే తేదీ వేసి ఆయన చీటీ ఉమ్మేసింది. "తరవాతివాళ్లు రండి!" అన్నాను నేను, యాంత్రికంగా. ఆయన నోరు తెరుచుకునే పక్కకు జరిగాడు.

తర్వాత ఏం చేశాడో తెలుసా? బుద్ధిగా వెళ్లి వరస చివర మళ్లీ నిలబడ్డాడు! చీటీ పుచ్చుకున్న టైలరమ్మ కుంటుకుంటూ ఆయన దగ్గరికి వెళ్లింది.

"ఇంక వరసలుండవండీ. ఏదో అడగబోయారు, ఇప్పుడే అడిగెయ్యండి."

అడిగాడు. ఆమె మెడకట్టులోంచే తల ఊపింది. హాలంతా ఈలలు! పిచ్చుక వెనకగది గుమ్మంలో గెంతింది. రెండు కాళ్లూ బాగున్నది ఆ హాల్లో దానికొక్కదానికే కాబట్టి, అందరి తరఫునా గెంతింది.

ఇదంతా చూసి, నా సిద్ధాంతం తప్పేమోనని నాకే అనుమానం వచ్చింది. కాసేపే! ఎందుకంటే ఈలలు ఆగాక టైలరమ్మ తన చీటీ చదివింది.

"ఇదేంటి? మోకాళ్ల డాక్టరు చూసేది ఆర్నెల్ల తరవాతా?"

డ్రైవరుగారు తనది చూసుకున్నాడు. అదే. దిండాయనదీ అదే. మోకాళ్లవాళ్లందరిదీ అంతే. ఇదివరకు పొద్దంతా నిలబడి, నీరసంతో చీటీ జేబులో కుక్కుకుని, సర్వరును తిట్టుకుంటూ ఇళ్లకు పోయేవారు. ఇప్పుడు ఒంట్లో ఓపిక మిగిలింది. చేతిలో సమయం మిగిలింది. చీటీ చదివే తీరిక దొరికింది.

"ఎందుకింత ఆలస్యం?" అని నన్నడిగారు. సర్వరు మీదికి తోసేద్దామని నోరు తెరిచాను. అది నా ముందు చురుగ్గా మెరుస్తూ కూర్చుంది! చేసేది లేక నిజం చెప్పాను. మోకాళ్లకున్నది ఒక్కరే డాక్టరు. రెండో డాక్టరు రిటైరయ్యాక ఆ ఉద్యోగం ఎవరికీ ఇవ్వలేదు. ఆ గదిలో ఇప్పుడు విరిగిన కుర్చీలున్నాయి.

జనం కర్రలు టకటకలాడించుకుంటూ మెట్లెక్కి పెద్దసారు గది ముందు కూర్చున్నారు. ఆ రోజూ కూర్చున్నారు, తర్వాతి రోజూ కూర్చున్నారు. బామ్మ అల్లిక అక్కడ మొదలుపెట్టింది.

పెద్దసారు వెనకమెట్ల మీదుగా దిగి పిచ్చుక దగ్గరికొచ్చారు. మొదటిసారి ఆయన గొంతులో తేనె విన్నాను.

"అమ్మాయ్, ఆ పాత నంబరే మళ్లీ పెట్టెయ్యకూడదూ? కొన్నాళ్లపాటు?"

"పెట్టేస్తా సార్," అంది పిచ్చుక, అంతకన్నా తియ్యగా. "సర్వర్ ఎందుకు స్లో చేస్తున్నామో బయట బోర్డు మీద మీ చేత్తో రాయండి. రాసిన వెంటనే మార్చేస్తా."

ఆయన మార్కరు పట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్లారు. వెనక జనం వచ్చి నిలబడ్డారు. మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు. చివరికి రాశారు: "మోకాళ్ల విభాగమునకు రెండవ డాక్టరును నియమించు ప్రకటన వెంటనే ఇవ్వబడును."

ఇవ్వబడింది. డాక్టరమ్మ వచ్చింది. విరిగిన కుర్చీలు బయటికి పోయాయి. డ్రైవరుగారు బ్రేకు తొక్కుతున్నాడు, టైలరమ్మ మిషను తొక్కుతోంది, ఇద్దరూ ఒకే ఇంట్లో కాఫీ తాగుతున్నారు. పిచ్చుక పర్మనెంటయింది.

చూశారా ఎంత అనర్థం జరిగిందో? ఒక్క నంబరు మార్చిన పాపానికి!

కాబట్టి ఆఫీసులేలే అధికారులారా, మీ శ్రేయోభిలాషిగా చేతులు జోడించి వేడుకుంటున్నాను. మీ కౌంటర్లలో కూడా ఆ చిన్న చక్రం తిరుగుతోందా? తిరగనివ్వండి. దయచేసి ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. అది ఆగిందంటే, దాని వెనక ఎవరు కూర్చున్నారో జనానికి కనబడిపోతుంది!