లైఫ్ పడింది

ఆ రోజు ఉదయం త్రికోటేశ్వరరావు లెక్క చాలా సులువుగా ఉంది. కేసు గెలిస్తే మొక్కు తీర్చుకోడానికి కోటప్పకొండకు, ఓడితే సుప్రీంకోర్టుకు. ఎటైనా ప్రయాణం తప్పదు కాబట్టి ముందు గడ్డం గీసుకుందామని వసారా స్తంభానికి అద్దం తగిలించి, కుడికాలు పీట మీదికి చాపుకుని, బుగ్గలకు సబ్బు పట్టించాడు. ముందురోజు సైనికుల ట్రిబ్యునల్ ఏం తేల్చిందో హైదరాబాదు నుంచి లాయరు రాజ్‌కుమార్ పొద్దున్నే ఫోన్ చేసి చెబుతానన్నాడు.

కేసంతా ఆ చాపుకున్న కాలిదే. హవల్దారుగా పనిచేసే రోజుల్లో మంచుకొండల్లో రేషన్ మూట మోస్తూ లోయలోకి జారిపడితే మోకాలు ముక్కలయింది. సైన్యం నుంచి ఇంటికి పంపేముందు మెడికల్ బోర్డు పెద్దలు ఆ మోకాలిని అటు తిప్పి, ఇటు తిప్పి, "ఈ లోపం సైనిక సేవ వల్ల వచ్చినదీ కాదు, సైనిక సేవ వల్ల ముదిరినదీ కాదు, వంశంలోనే ఉంది" అని తేల్చి, వైకల్య పింఛను లేదు పొమ్మన్నారు. త్రికోటేశ్వరరావు తండ్రి ఎనభయ్యో ఏట కూడా మిరపచేలో గొంతుక్కూర్చుని కలుపు తీసిన మనిషి. పాపం, తమ వంశం సంగతి ఆయన మోకాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. మొదటి అప్పీలుకు అదే వాక్యం జవాబుగా వచ్చింది. రెండో అప్పీలుకూ అదే వచ్చింది గానీ, ఈసారి కింద సంతకం మారింది. ఆమాత్రం శ్రద్ధ చూపినందుకు సంతోషించాలి.

పింఛను రాకపోవడం కంటే ఆ వాక్యమే త్రికోటేశ్వరరావును ఎక్కువ కాల్చుకుతింది. దేశం కోసం విరిగిన కాలును దేశమే మాది కాదు పొమ్మంటే ఎవరికి మండదు? ఆ మంటలోనే, ట్రిబ్యునల్ మెట్లెక్కే ముందు బోర్డు పెద్దలకు ఒక ఉత్తరం రాశాడు. "నా మోకాలు మీకు అర్థం కాకపోవడం విచిత్రం. మీ మెదళ్ళు ఉండేది అక్కడే కదా!" రాసినప్పుడు హాయిగానే ఉంది. పోస్టు చేశాక నిద్ర కరువైంది.

ఒక బుగ్గ పూర్తయ్యేసరికి లోపల ఛార్జింగులో ఉన్న ఫోను మోగింది. భార్య వెంకాయమ్మ ఎత్తింది. ఆ వెంటనే కెవ్వుమని అరుపు, ఏదో కిందపడిన చప్పుడు. ఆమె గుమ్మంలోకి వచ్చి ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది.

"ఏందే? ఏమన్నాడు?"

"నీకు లైఫ్ పడిందంటయ్యా!"

పల్నాటిలో ఆ మాటకు యావజ్జీవ ఖైదు తప్ప రెండో అర్థం లేదు. వెంకాయమ్మ మేనమామ గట్టు తగాదాలో లైఫ్ పడి జైలుకెళ్ళినవాడే. చిన్నప్పుడు సెలవుల్లో ఆమెకు చూపించిన ఊరు రాజమండ్రి ఒక్కటే, అదీ జైలు గేటు దాకా.

"సరిగ్గా విన్నావా?"

"నాకేం చెవుడా? 'సార్‌కి లైఫ్ ఇచ్చారమ్మా, ఫిఫ్టీ పర్సెంటు' అన్నాడు. పైగా నవ్వుతా చెప్పాడు, వాడి నోరు పడిపోను! నా చేతిలోంచి ఫోను జారి కట్టయిపోయింది."

త్రికోటేశ్వరరావు లోపలికెళ్ళి కిందపడ్డ ఫోను వెతికి తీశాడు. తిరిగి ఫోన్ చేస్తే లాయరు ఎత్తలేదు. కోర్టులో ఉన్నాను, తర్వాత మాట్లాడతానని ఇంగ్లీషులో మెసేజి మాత్రం వచ్చింది. ఈ శిక్ష ఆ ఉత్తరం పుణ్యమే అయ్యుంటుందని, ఇక దాచి లాభం లేదని, దాని సంగతి పెళ్ళాం ముందు కక్కేశాడు.

"ఓరి నాయనో! నన్నంటే పడి ఉంటా. ఆఫీసర్లెందుకు పడతారయ్యా?" అని ఆమె నెత్తి బాదుకుంది.

ఆ కేకలకు పక్కింటి ఇమాం సాహెబ్ పరుగున వచ్చాడు. గురజాల కోర్టులో పేర్లు పిలిచే బంట్రోతుగా రిటైరైన మనిషి. వాకిట్లో నిలబడి వినబడినంత చట్టం విన్నాడు కాబట్టి ఊరికి ఆయనే న్యాయ సలహాదారు.

"లైఫ్ అంటే పద్నాలుగేళ్ళు బావా. ఫిఫ్టీ పర్సెంటు అన్నారంటే ఏడేళ్ళు. కాలు బాగలేదని సగానికి సగం కొట్టేశారు. చానా మంచోళ్ళు."

"పింఛను అడిగితే జైలేందన్నా?" అంది వెంకాయమ్మ.

"అప్పీలంటే అంతే చెల్లెమ్మా. కిందోళ్ళు వదిలేసింది పైవోళ్ళు పట్టుకుంటారు." మెసేజి చూసి తలూపాడు. "ఇదిగో, లాయరు ఇంకా కోర్టులోనే ఉన్నాడు. బెయిలు కోసం పాకులాడతన్నాడు పాపం. అది వచ్చేదాకా నువ్వెవరికీ కనపడబాక."

ఈ రహస్యాన్ని ఆయన కోర్టు వాకిట్లో పిలుపులు పిలిచిన గొంతుతోనే చెప్పాడు. కాసేపట్లో బజారంతా వాకిట్లో ఉంది. ఒకావిడ ఏడేళ్ళూ ఇల్లు అద్దెకిస్తారా అని ఆరా తీసింది. ఇంకొకావిడ జైలు కూడు చప్పగా ఉంటుందని గోంగూర పచ్చడి జాడీ తెచ్చింది. "మనిషి మంచోడే, నోరే చేటు తెచ్చింది" అని అరుగు మీద ఎవరో అప్పుడే సంతాపం మొదలుపెట్టారు. సగం గడ్డంతో త్రికోటేశ్వరరావు అవన్నీ వింటూ, తాను బతికే ఉన్నానా అని ఒకసారి అద్దంలో చూసుకున్నాడు.

అంతలో బజారు మలుపులో డప్పులు మోగాయి. వెనకే జీపు. అందులో ఆకుపచ్చ టోపీ, గుండెల మీద పతకాలు.

"మిలటరీ వచ్చేసింది!" అని అరిచాడు ఇమాం సాహెబ్.

"పట్టుకుపోడానికి డప్పులేందన్నా?"

"మిలటరీ కదా చెల్లెమ్మా, బ్యాండు లేకుండా ఏ పనీ చెయ్యరు."

త్రికోటేశ్వరరావు ఇంకేమీ ఆలోచించలేదు. పెరట్లోకి కుంటుతూ వెళ్ళి, ఊతకర్రను నాపరాళ్ళ గోడ అవతలికి విసిరేసి, ఎలాగో పైకి పాకాడు. సైన్యంలో నేర్పింది అక్కరకొచ్చిందనుకున్నాడు. దూకేటప్పుడు కుడికాలును పసిబిడ్డలా కాపాడుకున్నాడు. ఒంటి బరువంతా మంచి కాలి మీద పడింది. టప్‌మని చప్పుడు, వెంటనే పెద్ద పొలికేక.

గోడ చుట్టూ తిరిగి అందరికన్నా ముందు వచ్చింది మాజీ సైనికుల సంఘం పెద్ద, రిటైర్డు సుబేదారు డేవిడ్. చేతిలో బంతిపూల దండ ఉంది.

"హవల్దార్ సాబ్! సన్మానం చేద్దామని డప్పులు మాట్లాడుకుని వస్తే గోడ దూకుతారేందండీ? లాయరు నాక్కూడా చెప్పాడు. యాభై శాతం వైకల్యం కింద పింఛను, ఫర్ లైఫ్! బతికున్నంత కాలం!"

అందరూ ఇమాం సాహెబ్ వైపు చూశారు. "నేనూ లైఫనేగా చెప్పింది!" అన్నాడాయన.

నరసరావుపేట ఆసుపత్రిలో మంచమెక్కాక లాయరు ఫోన్ చేశాడు. ఈసారి వెంకాయమ్మ చేతికి ఇవ్వలేదు.

"సైనిక సేవ వల్లే వచ్చినదని స్పష్టంగా రాశారు సార్," అన్నాడు రాజ్‌కుమార్.

"ఇంకోసారి చదువు బాబూ."

లాయరు చదివాడు. సబ్బు ఎండిపోయిన చెంప మీదుగా కన్నీళ్ళు కారుతుంటే త్రికోటేశ్వరరావు తుడుచుకోలేదు. ఇన్నేళ్ళకు ఆ కాలు దేశానిదైంది. మరికాసేపటికి బెరుగ్గా అడిగాడు, "మరి నేను బోర్డుకు రాసిన ఉత్తరం?"

"అదా సార్? బోర్డు ఫైల్లో కవరు అంటించినట్టే ఉంది. ఎవరూ విప్పనే లేదు."

అంతవరకూ మరిచిపోయిన నొప్పి అప్పుడు మళ్ళీ మొదలైంది.

డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి ఎడమ మోకాలి చిప్ప పగిలిందని చెప్పాడు.

"తలకు కూడా తియ్యండి సార్," అంది వెంకాయమ్మ.

"తలకేం తగల్లేదమ్మా."

"నిజమేలే. ఈయనకు ఉండేది మోకాల్లోనేగా, దానికి తీశారుగా."

డేవిడ్ మాత్రం ఆశ వదులుకోలేదు. "మిలటరీకి భయపడేగా దూకింది. ఈ కాలికీ ఒక అప్పీలు పడేద్దామా సాబ్?"

న్యాయ సలహా ఇవ్వడానికి ఇమాం సాహెబ్ గొంతు సవరించుకునేలోపు వెంకాయమ్మ తీర్పు చెప్పేసింది.

"ఇది సైనిక సేవ వల్ల వచ్చినదీ కాదు, సైనిక సేవ వల్ల ముదిరినదీ కాదు."

ఇన్నేళ్ళలో ఆ వాక్యాన్ని సరైన కాలికి వాడటం అదే మొదటిసారి.