వనవిహార్‌లో ఏడో బెంచీ

మనిషికి కూడు, గుడ్డ, గూడు అమర్చిన తరువాత పరిపాలనకు మిగిలే బాధ్యత అతన్ని ఉల్లాసపరచడమే. ఆ పని జనం ఇష్టానికి వదిలేస్తే ఎక్కడబడితే అక్కడ నవ్వుతారు గనుక, అభ్యుదయపురిని గీసిన పెద్దలు ఉల్లాసానికి నాలుగో సెక్టారు కేటాయించారు.

మణుగూరు దారిలో అడవిని చదును చేసి కట్టిన పట్టణం అది. మొదటి మూడు సెక్టార్లలో కార్యాలయాలు, క్వార్టర్లు. నాలుగో దాంట్లో దర్శనీయ స్థలాలు. బోటు షికారు ఉంది (చెరువు ఇంకా మంజూరు కాలేదు, అందాక బోటు గడ్డి మీదే ఉంటుంది, ఎక్కినవాళ్లు మాత్రం లైఫ్ జాకెట్ వేసుకోవాలి). దృశ్య గోపురం ఉంది. పైకెక్కితే మిగతా మూడు సెక్టార్లు కనిపిస్తాయి. అడవి లోపలికి రాకుండా చుట్టూ గోడ కట్టారు. గోడ పూర్తయ్యాక పట్టణంలో చెట్లు లేవని తేలింది. వెంటనే బోటు చుట్టూ 'వనవిహార్' అనే పార్కు పెట్టారు.

అందులో ఏం నాటాలన్నది ఫైలు మీద చాలాకాలం నడిచింది. వేప వేస్తే ఎదిగేలోపు పార్కు చూసుకునే విహారాధికారికి బదిలీ అవుతుంది. చింత వేస్తే రిటైరే అవుతాడు. అందుకని 2004లో జామాయిల్ వేశారు. ఖమ్మం జిల్లాలో జామాయిల్‌ను ఎవరూ చెట్ల కింద లెక్కవేయరు. అది పైరు. నాలుగో ఏట కొట్టి కాగితం మిల్లుకు తోలుతారు. మొక్కలు ఊరికే ఇచ్చిన కర్ర కాంట్రాక్టరు కూడా ఆ మాట మీదే ఇచ్చాడు. సంతకం పెట్టిన విహారాధికారికి నాలుగేళ్లనేది చాలా దూరంగా కనిపించింది (బదిలీలు మూడేళ్లకు).

ఇంత చక్కటి ఏర్పాటులో ఎక్కడా ఇమడని మనిషి ఒకడున్నాడు, పేరు ఆరోగ్యం. కర్ర కొట్టే ముఠాలో కూలీ. గోడకు బయటివైపు ఆనుకుని అతని ఒంటిగది రేకుల ఇల్లు. కూతురు మహిమకు కారేపల్లి నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు జస్టిన్ ట్రాక్టర్ మెకానిక్, నెమ్మదస్తుడు. నిర్ణయాలన్నీ అతన్ని పెంచిన పెద్దమ్మ సువార్తమ్మవి. ఆమెకు రేకుల వేడి పడదు. పోయిన ఎండాకాలం జస్టిన్‌కు చూసిన సంబంధం, కూర్చున్న చోట ఆమెకు చెమట పట్టిందన్న కారణం మీదే తప్పిపోయింది.

"రేకుల కింద కూసోబెడితే ఇది గూడ పోతది," అంది ఆరోగ్యం భార్య విశ్రాంతమ్మ. "గోడవతల అంత నీడ ఊకెనే పడి ఉన్నది. ఒక్క గంట అడుగరాదు?"

"అడుగుత," అన్నాడు ఆరోగ్యం. అతడు రోజు మొత్తం మీద వాడే మాటల్లో అది సగం.

విహారాధికారి జయప్రకాశ్ ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చినవాడు. మర్యాదస్తుడు. ఎవరికీ లేదని చెప్పడు, ఉందనీ చెప్పడు.

"నీది ఏ సెక్టారయ్యా?"

"గోడవతల సార్."

"అయితే నివాసివి కావు. పోనీ సందర్శకుడివా? ఎంత దూరం నుంచి వస్తావు?"

"గోడ మందమంత."

జయప్రకాశ్ నిబంధనలు తిరగేశాడు. సందర్శకుడంటే కనీసం ఒక బస్సెక్కి రావాలి. "మీవాళ్లలో బస్సెక్కి వచ్చేవాళ్లు ఎవరూ లేరా?"

"పిల్లగాని తరపోళ్లు సార్. కారేపల్లి నుంచి."

"ఇంకేం! వాళ్లు సందర్శకులు, మీరు వాళ్లకు తోడు. నడకా, కూర్చోవడమా?"

"కూసునుడు."

"ఏ సదుపాయం కావాలి?"

"నీడ."

"బాగుంది. ఫారం నింపాలి." అధికారి సొరుగు లాగి చూశాడు. "ఫారాలు అయిపోయాయి. కాగితం సరఫరా లేదు."

ఆరోగ్యం ఎదురుచూశాడు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు జబ్బుపడ్డవాళ్ల పేర్ల తరువాత వనవిహార్ ఫారం కోసం కూడా ప్రార్థన చేశారు. మార్చిలో ఒక ఫారం దొరికింది. ఏడో బెంచీ, శనివారం, నాలుగు నుంచి ఐదు.

శుక్రవారం సాయంత్రం ముఠా మేస్త్రీ భద్రు సైకిలు మీద వచ్చాడు.

"అన్నా, రేపు జల్దీ రా. పని దగ్గర్నే పడ్డది. గోడ దుంకితే చాలు."

"ఏడ?"

"పార్కుల. నాలుగేండ్లు నిండినయ్ గదా. పొద్దుగూకేవరకు లారీ నిండాలె."

ఆరోగ్యం గోడ వంక చూశాడు. "రాకుంటే?"

"నీ జాగల ఇంకోడొస్తడు. మళ్ల ముఠాల నీకు జాగ దొరకది. అది కాంట్రాక్టరు చేతిలున్నది, నా చేతిల లేదు."

విశ్రాంతమ్మ గరిటెతోనే బయటికి వచ్చింది. "ఓ భద్రూ! రేపు నాలుగింటికెల్లి ఐదింటి దాక మా పిల్ల చూపులు గా చెట్ల కిందనేనయ్యా, ఏడో బెంచీకి ఫారం గూడ దొరికింది! నీకు రేపే దొరికిందా పార్కు?"

"నాకేమెర్క వదినా! గా ఫారం సంగతి నాకెవ్వలు చెప్పిండ్రు?" భద్రు తల గోక్కున్నాడు. "ఒక్క పని చేస్త. అటు కొస నుంచి మొదలుపెడత. ఏడో బెంచీ ఆఖరికొస్తది. ఐదింటి దాక ఆపుత. ఆ మీద నావల్ల గాదు."

శనివారం ఆరోగ్యం మూడున్నర దాకా చెట్లు కొట్టాడు. తరువాత గోడ దూకి స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, గేటులోంచి సందర్శకుల తోడుగా వచ్చాడు. పార్కు ఊడ్చే జంపక్క గేటు దగ్గర చుట్టాలకు దారి చూపించింది.

"ఏడో బెంచీ అంటే అడుగుడు అక్కెర లేదమ్మా. నీడ ఏడుంటే గదే."

సువార్తమ్మ గొడుగు ముడిచి నాలుగు దిక్కులా చూసింది. మొదళ్లు, మొదళ్ల మధ్య బోటు.

"వందనాలన్నా. పార్కంటివి?"

"అవ్."

"చెట్లేవి?"

ఆరోగ్యం బెంచీకి పడమట నిలబడ్డ నాలుగింటిని చూపించాడు.

"కడమయి?"

లారీని చూపించాడు.

అయినా బెంచీ మీద చల్లగానే ఉంది. మహిమ మజ్జిగ ఇచ్చింది. జస్టిన్ ఆమె వంక చూసి, పట్టుబడి, బోటు వంక చూశాడు. సువార్తమ్మ వంట అడిగింది, చదువు అడిగింది, ఒక కీర్తన పాడించుకుంది. అన్నీ నచ్చాయి. నచ్చినప్పుడు ఆమెది ఒకటే మాట.

"ప్రార్థన చేసుకొని చెప్తం. దేవుని చిత్తం తెలిసినంక కబురంపుత."

సువార్తమ్మకు దేవుని చిత్తం తెలిసేలోపు ఒక్కోసారి పంట చేతికొస్తుందని కారేపల్లిలో అందరికీ తెలుసు. ఆలోపు ఎండలు ముదురుతాయి, ఎవరో ఫ్యానున్న పిల్లను చూపిస్తారు.

ఐదయింది. భద్రు ఇటు చూడకుండా మొదటి చెట్టు పడగొట్టాడు. సువార్తమ్మ మోకాళ్ల మీదికి ఎండ వచ్చింది. ఆమె జరిగింది. రెండోది పడింది. ఇంకాస్త జరిగింది. మూడోది పడేసరికి బెంచీ అంతా ఖాళీ, ఆమె, పక్కన కూర్చున్న మహిమ ఒక కొసన. సువార్తమ్మ దాదాపు మహిమ ఒళ్లో ఉంది. అప్పుడే జయప్రకాశ్ గడియారం చూసుకుంటూ వచ్చాడు.

"సమయం అయిపోయిందమ్మా. నీడ ఖాళీ చేయాలి."

"గింత ఎండల దేవుని చిత్తం ఎట్ల కనుక్కోవాలె సార్?"

"అది మా విభాగం కిందికి రాదమ్మా."

మహిమ తన కొంగు తీసి ఆమె నెత్తిన కప్పింది. సువార్తమ్మ ఆ కొంగు కిందనుంచి నలుగురినీ చూసింది, భద్రు చేతిలో గొడ్డలినీ చూసింది.

"పెద్దమ్మా, చెప్పరాదే," అన్నాడు జస్టిన్. వచ్చినప్పటినుంచి అతడన్నది అదే.

"సరే పో. దేవుడు ఒప్పుకున్నడు. నేను గూడ ఒప్పుకున్న. కారేపల్లి బస్సెప్పుడు?"

విశ్రాంతమ్మ కళ్లు తుడుచుకుని స్తోత్రం చెప్పుకుంది. ఆరోగ్యం తెల్లచొక్కా విప్పి కూతురి చేతికిచ్చి, గొడ్డలి అందుకుని నాలుగో చెట్టు దగ్గరికి వెళ్లాడు. లారీ నిండింది.

ఆ ఏటి నివేదికలో జయప్రకాశ్, వనవిహార్‌లో కూర్చునే సదుపాయం ఒక్కరోజులో ఎన్నో రెట్లు పెరిగిందని రాశాడు (మొదళ్లన్నీ కలిపి). పై అధికారులు మెచ్చుకున్నారు.

మే నెలలో పెళ్లి. ఫొటోలు పార్కులో దిగాలని మహిమ ముచ్చటపడితే ఆరోగ్యం మళ్లీ ఆఫీసుకు వెళ్లాడు. ఈసారి ఆలస్యం లేదు. మిల్లు నుంచి కాగితం వచ్చిపడింది. ఫారాలు కట్టలు కట్టలుగా కిటికీని మూసేస్తూ పేర్చి ఉన్నాయి. 'కోరుతున్న సదుపాయం: నీడ' అన్నది ఇప్పుడు అచ్చులోనే వస్తోంది.

"ఎన్ని కావాలో తీసుకోవయ్యా," అన్నాడు జయప్రకాశ్, ఆ కుర్చీలో మొదటిసారి ఉదారంగా.

బయట ఎండ మండిపోతోంది. ఆరోగ్యం ఒక కట్ట తీసుకుని నెత్తిమీద పెట్టుకుని నడిచాడు. గేటు దగ్గర జంపక్క చీపురు అడ్డం పెట్టింది.

"ఫారాలు వేరే పనికి వాడొద్దంట అన్నా. బోర్డు పెట్టిండ్రు."