మా ఊరికి తగ్గిన ఒక్క కిలో

వెయిట్‌లిఫ్టింగ్ హెవీవెయిట్ విభాగంలో యూరప్ కంచు పతకం తెచ్చిన ఉషాంగి జార్జియా దేశానికంటే ముందు మా ఊరికే చెందుతాడని మున్సిపాలిటీవారు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఊరి ఆస్తి గనక, వాడుకునే హక్కు ఊరందరికీ వచ్చింది. కారు కాలవలో పడితే క్రేన్‌కు డబ్బివ్వడం మానేసి ఉషాంగికి కబురు పెట్టేవారు. పక్కింటి ఎతెరి పిన్ని ఇల్లు ఊడ్చినప్పుడల్లా ఫ్రిజ్ జరపడానికి పిలిచేది.

"నీకు ఎలాగూ ప్రాక్టీసే కదా నాన్నా!" అనేది. తర్వాత నలభై ఖింకాలి ఉడికించి ముందు పెట్టేది. ఆ మాంసం కుడుముల్లో రెండు మిగిలితే, ఛాంపియన్‌కు జబ్బు చేసిందని సాయంత్రానికల్లా బజారంతా పాకేది. ఉషాంగి నూట అరవై కిలోల మనిషి. ఎవరి మనసూ నొప్పించలేని మనిషి. ఫ్రిజ్ జరిపి, కుడుములు తిని, దండం పెట్టి వెళ్లేవాడు.

అతని గురువు బిచికో మాస్టారికి డెబ్బై రెండేళ్లు. ఆయన వ్యాయామశాల పైకప్పు కారేది. కొత్త కప్పు వేయిస్తామని పెద్దలు మాటిచ్చి, ముందుగా దాతల పేర్లు చెక్కిన పాలరాతి పలక బిగించారు. కప్పు ఇంకా రాలేదు గానీ, పలక మాత్రం తడవకుండా దాని మీద చిన్న రేకు వేశారు. వాన రోజుల్లో మాస్టారు తువ్వాలుతో బరువుల బార్ తుడుస్తూ ఉండేవారు, ఉషాంగి ఎత్తుతూ ఉండేవాడు. అలాగే ప్రపంచ పోటీలకు ఎంపికయ్యాడు.

ఈ ఘనకార్యానికి ఊరు గర్వించి, ప్రయాణానికి వారం ముందు వీడ్కోలు విందు ఏర్పాటు చేసింది. మేయర్ తెయిమురాజ్‌గారే విందుపెద్ద. మరో వారంలో ఎన్నికలుండటం కేవలం యాదృచ్ఛికం. ఆయన ద్రాక్షసారా నింపిన కొమ్ముపాత్ర పట్టుకుని లేచారు.

"సోదరులారా! ఉషాంగి ఎత్తేది ఇనుము కాదు, మన ఊరి ప్రతిష్ఠ! ఈ ఊరి భారమంతా నేను మోస్తున్నాను. నన్ను ఉషాంగి మోస్తాడు. ఫొటోగ్రాఫరూ, సిద్ధమా?"

మేయర్‌గారు నూట పద్దెనిమిది కిలోలు. తూకం సరిపోవడానికి రెండో భుజం మీదికి ఉపమేయర్‌ను కూడా ఎక్కిస్తామన్నారు.

బిచికో మాస్టారు అడ్డం వచ్చారు. "అయ్యా, వద్దు. వారంలో ప్రయాణం, వెంటనే పోటీ."

"అంతకంటే ఎక్కువ ఎత్తేవాడికి మేమొక లెక్కా మాస్టారూ?"

"బార్ కదలదండీ! పైగా అది ఉపన్యాసం ఇవ్వదు!"

జనం పకపకా నవ్వారు. మేయర్‌గారు అందరికంటే గట్టిగా నవ్వి, ఒక భుజం మీద ఎక్కి కూర్చున్నారు; రెండోదాని మీద ఉపమేయర్. ఉషాంగి లేచాడు. భుజం మీదున్న మేయర్‌గారు పాత్ర పైకెత్తి, జాతి సమైక్యత గురించి నాలుగు నిమిషాలు మాట్లాడారు. మూడో నిమిషంలో ఉషాంగి నడుములో ఏదో 'టక్'మంది. చప్పట్ల హోరులో అది అతనికొక్కడికే వినిపించింది.

ప్రపంచ పోటీలో ఉషాంగి నడుముకు పట్టీ మీద పట్టీ కట్టుకుని వేదికెక్కాడు. ఆరింటిలో ఐదు ప్రయత్నాలు నెగ్గాడు. ఆఖరిదానికి ముందు ఇరాన్ లిఫ్టర్ మొత్తం మీద ఒక్క కిలో ముందున్నాడు. ఉషాంగి రెండువందల యాభై రెండు కిలోలు ఛాతీదాకా తెచ్చుకున్నాడు. తలపైకి తోయబోయేసరికి నడుము అడ్డం తిరిగింది. బార్ ఢన్‌మని ముందు పడింది.

ఉషాంగి తలొంచుకుని దిగాడు. మాస్టారు ఆ చెట్టంత మనిషిని పట్టుకుని ఏడ్చేశారు.

"క్షమించండి మాస్టారూ..."

"నోర్ముయ్యరా! వెండిరా ఇది! ఆ నడుంతో వెండి! నలభై ఏళ్లలో మన కారే కప్పు కింద నుంచి ఇంకెవడు తెచ్చాడ్రా?"

అప్పుడు ఉషాంగికీ నవ్వొచ్చింది. మాస్టారి మెడలో పతకం వేసి ఫొటో తీయించాడు.

మేము మాత్రం వెండిని అంత తేలిగ్గా క్షమించలేదు. బస్సు వచ్చేసరికి చౌరస్తాలో నాలుగువందల మంది పోగయ్యాం.

"ఒక్క కిలోనా! మా ఆవిడ సంతకు వెళితే అంతకు పదింతలు మోసుకొస్తుంది," అన్నాడు క్షౌరశాల గివి.

"పట్టుదల చాలలేదు," అన్నాడు ఫార్మసీ యజమాని, కుర్చీలోంచి లేవకుండా.

భుజమెక్కిన ఫొటోతో అప్పటికే మళ్లీ గెలిచిన మేయర్‌గారు, తగ్గిన కిలోపై ఐదుగురు సభ్యులతో విచారణ సంఘం ప్రకటించారు. సంఘానికి తానే అధ్యక్షుడు. ఆ కిలో బాధ ఊరంతా సమానంగా పంచుకోవాలని పిలుపిచ్చారు. పంచుకుంటామని చేతులెత్తాం.

ఉషాంగి బస్సు మెట్టు మీదే కూర్చుండిపోయాడు. కింద పెట్టిన సంచీ తీసుకుందామంటే నడుము వంగలేదు. మాస్టారే వంగి, మూలిగి, దాన్ని భుజాన వేసుకున్నారు.

"మంచి లిఫ్టు, మాస్టారూ!" అన్నాడు ఉషాంగి.

"పదరా వెధవా," అని నవ్వారాయన.

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నడిచారు. ఇంత గొప్ప క్రీడాకారుణ్ణి కన్న ఊరి సంస్కారం ఎలాంటిదంటే, ఆ నాలుగువందల మందిమీ వాదన ఒక్క క్షణం ఆపి, గౌరవంగా పక్కకు తప్పుకుని వాళ్లకు దారిచ్చాం.