విటమిన్ డబ్బాలో తెల్లదనం

తెల్లబరిచే క్రీముల మీద పడి ఏడ్చేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. వాటిలో పాదరసం ఉందట! స్టెరాయిడ్ ఉందట! ఉంటే ఏమిటండీ? థర్మామీటర్‌లో ఉన్న పాదరసం గాజు గొట్టం దాటి ఒక్క అడుగు బయటికి రాదు. క్రీములో ఉన్నది అలా కాదు, చర్మంలోంచి దిగి కిడ్నీలదాకా వెళ్ళి పలకరిస్తుంది. ఇంత సర్వీసు ఇంకెవరిస్తారు?

నేనేదో ఊరికే అనడం లేదు. రుజువు మా ఇంట్లోనే ఉంది.

మా చెల్లెలు ఒక బట్టల షాపులో సేల్స్‌లో పనిచేస్తుంది. మనిషిని చూసి, టేపు పట్టకుండా కొలత చెప్పేస్తుంది. పోట్లాటకు వచ్చిన కస్టమర్‌కు కూడా కొత్త చొక్కా అమ్మి పంపిస్తుంది. అలాంటి మనిషిని ఒకరోజు మేనేజరు పిలిచి, "ఇన్ని లైట్లు పెట్టించాను కదమ్మా, నీ దగ్గరికొచ్చేసరికి ఆ వెలుతురంతా ఏమైపోతోందో! కొన్నాళ్ళు లోపల స్టాకు రూములో ఉండు" అన్నాడు.

చూశారా, ఎంత మర్యాదస్తుడో! నల్లగా ఉన్నావని ఒక్క మాట అన్నాడా? పాపం, కరెంటు వృథా అవుతోందని బాధపడ్డాడు, అంతే.

చెల్లెలు కళ్ళు తుడుచుకుని వీధి చివరి పార్లరుకు వెళ్ళింది. ఆ పార్లరావిడను అందరూ సైంటిస్టక్క అంటారు. మందుల షాపు ట్యూబులు, ఎక్కడినుంచో తెప్పించిన పేరులేని బూడిదరంగు ముద్ద, కాస్త సెంటు, అన్నీ మిక్సీలో వేసి తిప్పి, పాత విటమిన్ మాత్రల డబ్బాల్లో నింపి ఇస్తుంది. ఇందులో ఏముందక్కా అంటే, "అడిగితే పనిచెయ్యదమ్మా" అంటుంది. డబ్బా మీద పాత లేబుల్ అలాగే ఉంటుంది. భోజనం తర్వాత వాడవలెను అని రాసుంది కాబట్టి, మా చెల్లెలు భోజనం చేశాకే రాసుకునేది. పద్ధతిగల మనిషి!

చూస్తుండగానే తెల్లబడింది. ప్రభుత్వాలకు చేతకాని పారదర్శకత మా చెల్లెలి బుగ్గలకు పట్టుబడింది. లోపలి ఎర్రటి నరాలు ఒక్కొక్కటీ కనిపించేవి. గడ్డం మీద నూనూగు వెంట్రుకలు కూడా వచ్చాయి, స్త్రీ పురుష సమానత్వం ఇంకెలా వస్తుంది చెప్పండి? ఇక ఆ క్రీముకు ఆమె మీద ఎంత మమకారమంటే, ఒక్కరోజు రాయకపోతే మొహమంతా ఎర్రగా ఉబ్బి మండేది. వాళ్ళాయన కూడా ఆమెను అంతగా అంటిపెట్టుకుని ఉండడు.

మేనేజరు సంతోషించి అద్దాల తలుపు పక్కన ముందు కౌంటర్ ఇచ్చాడు. అక్కడ ఎండ పడుతుంది. పల్చబడిన చర్మానికి ఎండ తగిలితే నిప్పు పెట్టినట్టే ఉంటుంది. చివరికి తనే మేనేజరును బతిమాలుకుని మళ్ళీ స్టాకు రూముకు మారింది. చీకట్లో, అట్టపెట్టెల మధ్య, ఒక్కరి కంటా పడకుండా తెల్లగా కూర్చుంది. కోరిక తీరడమంటే ఇదీ!

అసలు లాభం ఇంకా చెప్పలేదు. చెల్లెలి కూతురు, మా బుడంకాయ, అప్పుడప్పుడే నడక నేర్చింది. దానికి ఎవరూ ఏ క్రీమూ రాయలేదు. అయినా అరచేతులు, అరికాళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి! ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. "పిల్లకి రంగు తిరుగుతోందే, అదృష్టవంతురాలు!" అని మా అమ్మ దిష్టి కూడా తీసింది. నేను ఫోటోలు తీసి బంధువులందరికీ పంపాను. పిల్ల ఊరికే ఏడుస్తోందంటే, చేతులు వణుకుతున్నాయంటే, నడిచేది నడవడం మానేసిందంటే, పళ్ళొస్తున్నాయేమో అనుకున్నాం.

పిల్లల డాక్టరు ఆ అరచేతులు చూసి మాలాగా మురవలేదు.

"ఇంట్లో క్రీము ఎవరు రాసుకుంటున్నారు?"

"నేనేనండీ. పాపకెప్పుడూ రాయలేదు, ఒట్టు" అంది చెల్లెలు.

"పాప ఎవరి దగ్గర పడుకుంటుంది?"

చెల్లెలు చేత్తో తన చెంప తడుముకుంది. ఆ చెంపకు తన చెంప ఆనిస్తే తప్ప బుడంకాయకు నిద్ర పట్టదు.

పరీక్ష చేస్తే తల్లీపిల్లలిద్దరి ఒంట్లోనూ పాదరసం ఉందన్నారు. పిల్ల ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. కోలుకుంటుందన్నారు, ఎంతమటుకో చెప్పలేదు. ఆపిల్ పళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చిన మేనేజరు, "లైట్ల సంగతి నేనేదో సరదాకన్నానమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఆ మంటతోనే వెళ్ళి సైంటిస్టక్కను నిలదీశాను. ఆవిడ ఏమాత్రం తొణక్కుండా ఒక డబ్బా తీసి, లేబుల్ నావైపు తిప్పింది.

"ముందే రాసుంది కదండీ, చదువుకోవద్దూ?"

పిల్లలకు అందకుండా ఉంచవలెను.

నిజమే, ఆ డబ్బా మీద ఉన్న నిజం అదొక్కటే. మేం చదివాం కూడా. డబ్బాను అలమారాలో అన్నిటికన్నా పై అరలోనే పెట్టాం. అమ్మ చెంపను ఏ అరలో పెట్టాలో మాత్రం రాయలేదు.