మామగారి తోలుపట్టా

ఆఫీసులో అందరూ అతన్ని గజగజ అంటారు. బల్లి కనబడితే బల్ల ఎక్కే మనిషి. అలాంటివాడికి దేవుడు ఏరికోరి నలభై ఏళ్లు సెలూన్ నడిపిన మామగారిని ఇచ్చాడు.

మామగారికి అల్లుడంటే ప్రాణం. ఎప్పుడొచ్చినా అల్లుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి తన పాత కత్తితో స్వయంగా గడ్డం గీస్తారు. వద్దంటే నొచ్చుకుంటారు. ఈ మధ్య ఆయన చేతికి వణుకొచ్చింది. పోయినసారి చెవి కింద గాటు పడింది. ఇంకాస్త కిందైతే గొంతే! ఆదివారం మళ్లీ వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి గజగజకి అన్నం సహించడం లేదు.

ఆ కత్తికి పదును పెట్టే తోలుపట్టాని మామగారు పోయినసారి వంటింటి కిటికీ మేకుకి వదిలేసి వెళ్లారు. ముప్ఫై ఏళ్ల నాటిది, ఎండి చెక్కలా బిగుసుకుపోయింది. అది పూర్తిగా పాడైతే కత్తికి పదునుండదు, పదును లేని కత్తి మామగారు పట్టరు. గజగజకి ప్రాణం లేచొచ్చింది.

"ఏమోయ్, మీ నాన్న పట్టా బాగుచేద్దామనుకుంటున్నా. తోలుకి ఏవేవి పడవు?" అని ఏమీ ఎరగనట్టు అడిగాడు.

భార్య కూర తరుగుతూ తలెత్తలేదు. "మీరు బాగుచేయడమా! ముట్టుకోకండి మహానుభావా. ముఖ్యంగా గడ్డం సబ్బు నురగతో తుడవకండి. రెండు చుక్కలు ఆముదం వేసి అరచేత్తో నిమరకండి. నీడలో ఆరబెట్టారో, ఇక దాని పని అయిపోయినట్టే."

"ఛ ఛ, నేనెందుకు చేస్తాను!"

మూడు రోజులు గది తలుపేసుకుని సరిగ్గా అవే చేశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. పెళ్లయ్యాక ఏ పనీ అంత శ్రద్ధగా చేసి ఎరగడు.

ఆదివారం మామగారు వచ్చారు. కత్తిని పట్టా మీద ఇటూ అటూ రెండుసార్లు లాగి, ఠక్కున ఆగిపోయారు. "దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

గజగజ రెండడుగులు వెనక్కి వేశాడు. "నేనే మామయ్యా... పొరపాటున..."

"పొరపాటేంటయ్యా! కొన్ననాడు కూడా ఇంత మెత్తగా లేదు!"

గజగజ బిత్తరపోయి భార్య వైపు చూశాడు.

"చెయ్యమంటే మీరు ఏ పని చేశారు కనుక?" అందావిడ గొంతు తగ్గించి.

ఇక చేసేదేముంది? చచ్చాన్రా భగవంతుడా అనుకుంటూ కుర్చీలో కూలబడి, కళ్లు మూసుకుని, మెడ అప్పగించాడు. ఎంతకీ కత్తి తగల్లేదు. కళ్లు తెరిస్తే మామగారు కత్తి పిడిని అల్లుడి వైపు చాపి నిలబడి ఉన్నారు.

"లే అల్లుడూ. నా చేతికి వణుకొచ్చింది, ఇక నువ్వే నాకు గీయాలి. కత్తి నీకిచ్చేయమని నెల నుంచీ అమ్మాయి ఒకటే పోరు. పట్టాని చూసుకోలేనివాడికి కత్తి ఎలా ఇస్తానన్నాను. ఇప్పుడు నా బెంగ తీరింది."

"నేనా! నాకు చేతకాదు మామయ్యా!"

ఆయన వింటేగా? అల్లుణ్ణి లేపి, కత్తి చేతిలో పెట్టి, తను కుర్చీలో కూర్చుని, తృప్తిగా గడ్డం పైకెత్తి కళ్లు మూసుకున్నారు. ఆ ముడతల గొంతు చూసేసరికి గజగజకి చెమటలు పట్టాయి. ఇన్నాళ్లూ తన గొంతు కోసం పడ్డ భయం దీని ముందు ఏ మూలకీ రాదు. భార్య వచ్చి అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"భయమేస్తోంది మామయ్యా," అన్నాడు నిజాయితీగా.

"నాకూ మొదటి రోజు ఇంతే. కానియ్, చెయ్యి అలవాటు కావాలి. సాయంత్రం నా స్నేహితులు నలుగుర్ని రమ్మన్నాను."