చిట్టచివరి గేజీ

కాలువ చిట్టచివర గేజీ సున్నా చూపిస్తోంది! మర్నాడు మంత్రిగారు వేములపల్లి వచ్చి ‘చివరి ఎకరాకూ నీరందించాం’ అని ప్రకటించబోయేది సరిగ్గా ఆ గేజీ పక్కనే.

నీటిపారుదల శాఖ డీఈ యుగంధర్ సమర్థుడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆయన కాలువను నమ్మలేదు, రైతును నమ్మలేదు. నీటిమట్టం చూపే ఆ ఇనుప పలకనే నమ్మాడు. వారం కిందట కాలువ చివరి రైతు కొమురమ్మ వచ్చి, “సారూ, వరి పొట్టకొచ్చింది. కాలువల ఒక్క అడుగే ఉన్నయి నీళ్లు, నా తూముకు అందుతలేవు. ఇంకో పది దినాలైతే రెండెకరాలు ఖతం” అని మొత్తుకున్నప్పుడు కూడా తొణకలేదు.

“గేజీ మీద అడుగుండాలె, ఉంది. రూల్ ప్రకారం నీకు నీళ్లందినయమ్మా” అని ఓదార్చి పంపాడు.

అలాంటి గేజీయే ఇప్పుడు సున్నా! యుగంధర్ జీపులో ఉరికాడు. కాలువ కాపలా చూసే లస్కర్ బీరయ్య నీళ్లలోనే నిలబడి ఉన్నాడు.

“ఎంతుంది బీరయ్యా?”

“పిక్కల దాకున్నయి సార్.”

“నీ పిక్కలెవరడిగిండ్రయ్యా? గేజీ?”

“సున్నా సార్.”

“అంటే కాలువ ఎండినట్టే. పైగేటు ఎత్తమను, జల్ది!”

సాయంత్రానికి నీళ్లు నడుముకొచ్చాయి. గేజీ సున్నాయే. తడిసిన ప్యాంటుతోనే యుగంధర్ ‘తీవ్ర నీటి ఎద్దడి’ అని హైదరాబాద్‌కు మెసేజ్ పెట్టాడు. ఆఫీసంతా కదిలింది. గేటు పూర్తిగా లేచింది.

మర్నాడు పొద్దున బీరయ్య ఛాతీ దాకా మునిగాడు. గేజీ ఒక అడుగు చూపింది. యుగంధర్ ఊపిరి పీల్చుకున్నాడు.

మంత్రిగారి ఎర్ర తివాచీ అప్పటికే తేలుతోంది. ఆయన కుర్చీ ఎక్కి, “చూడండి, సరిగ్గా అడుగు! మా పాలనలో నీళ్లకూ క్రమశిక్షణ ఉంది” అన్నారు. చప్పట్లు మోగాయి.

కోదాడ నుంచి వచ్చిన విలేకరి శ్రీజ చెయ్యెత్తింది. “సార్, గేజీ కింద ఇంకో మూడడుగుల నీళ్లున్నాయి కదండీ?”

బీరయ్య నీళ్లలో చెయ్యిపెట్టి స్తంభం తడిమాడు. “సార్, పాత బోల్టుల బొక్కలు గీడ కిందున్నయి! ఎవరో పలకను పైకి జరిపిండ్రు.”

“కుట్ర! ఎవరా ద్రోహి?” మంత్రిగారు కుర్చీ మీదే ఊగిపోయారు.

నిండిన పొలంలోంచి కొమురమ్మ గట్టెక్కింది. చేతిలో పానా ఉంది.

“నేనే సారూ. నా పొలం ఎండుతుందంటే ఒక్కలన్న రాకపోతిరి. గేజీ ఎండితే హైదరాబాద్ దాకా పరేషానైతరని తెలుసు. గందుకే దాన్ని ఎండబెట్టిన.”