ఎంక్వైరీ కౌంటర్లో పాఠం

ఆ ఉదయం మాస్టారు వేసుకున్న పథకం చిన్నదే. కాలేజీ పిల్లల్ని మున్సిపల్ ఆఫీసుకు తీసుకెళ్ళి, "ఫిర్యాదుల క్యూ ఎందుకు తరగదు?" అనే సమస్యను అప్పగించాలి. పన్నెండింటికి కమిషనర్ చేత, కాలేజీతో ఉన్న అధ్యయన ఒప్పందం మూడేళ్ళు పొడిగిస్తూ సంతకం పెట్టించుకోవాలి. సంతకం పడకపోతే ఆయన తాత్కాలిక ఉద్యోగం ఊడుతుంది.

"సమస్యలోంచే చదువు రావాలి. జవాబు మనం చెప్పకూడదు, ఎదుటివాళ్ళ చేత చెప్పించాలి," అని మెట్ల మీద మళ్ళీ హెచ్చరించాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయనకు లోలోపల హాయిగా ఉంటుంది. తనకూ జవాబు తెలియదన్న సంగతి ఎవరికీ తెలియదు.

కౌంటర్ గుమాస్తా కళ్ళజోడు పెట్టుకున్న విద్యార్థినిని చూసి, "ఐదు నిమిషాలు నా కుర్చీలో కూర్చోమ్మా, టీ తాగొస్తా," అని మాయమయ్యాడు.

"నాలుగు రోజులుగా నీళ్ళు రావట్లేదమ్మా," అన్నాడు క్యూలో ముందున్న పెద్దాయన.

"ఎందుకు రావట్లేదంటారు తాతగారూ?"

"నాకు తెలిస్తే నీ మొహం చూడ్డానికొచ్చానా?"

"పోనీ, మీ ఊహ చెప్పండి."

పెద్దాయన గుడ్లప్పగించాడు. వెనకున్నావిడ పక్కావిడ చెవి కొరికింది: "కొత్త రూలట వదినా! కారణం చెప్పకపోతే ఫిర్యాదు తీసుకోరట!"

"అయ్యో, నేనేం చదువుకుని రాలేదే!"

క్యూ చివరికి చేరేసరికి ఆ పుకారు పరీక్ష అయిపోయింది. జనం గుంపులు కట్టి తర్జనభర్జన పడుతుంటే ఒకాయన అన్నాడు: "వాల్వు తిప్పేవాణ్ణే అడిగితే పోలా?"

నలభై మంది పంపుహౌసుకు బయల్దేరారు. అంతమంది ఒక్కసారిగా, ఎంతో వినయంగా, "ఎందుకు రావట్లేదు బాబూ?" అని అడిగేసరికి వాల్వు తిప్పేవాడు హడలిపోయాడు. చేతిలో పేకముక్కలు పడేసి వాల్వు తిప్పేశాడు.

పన్నెండింటికి కమిషనర్ వచ్చేసరికి హాలు ఖాళీ.

"జనం ఏరయ్యా?"

మాస్టారు చేతిలోని ఒప్పందం కాగితం వంక చూసుకున్నాడు. అధ్యయనం చెయ్యడానికి సమస్యే మిగల్లేదు. ఇక ఒప్పందం ఎందుకంటాడు?

"నీళ్ళు పట్టుకోడానికి వెళ్ళారు సార్," అంది కౌంటర్లోంచి కళ్ళజోడు అమ్మాయి.

కమిషనర్ కిందికి చూశాడు. ఆ హాలు గచ్చు ఏ రంగో ఆయనకు ఇన్నేళ్ళలో తెలియడం అదే మొదటిసారి.

"ఎవరిదమ్మా ఈ పద్ధతి?"

"మా మాస్టారిది సార్!"

కమిషనర్ ఆ కాగితం అందుకుని అక్కడే సంతకం చేసి, కింద సొంత దస్తూరితో మరో వాక్యం రాశాడు: "సదరు మాస్టారిని రేపటి నుంచి ఎంక్వైరీ కౌంటర్‌కు కేటాయించడమైనది."

మాస్టారి ఉద్యోగం మూడేళ్ళపాటు నిలబడింది, కౌంటర్ వెనక కూర్చుని.